తక్కువ తాగే టీవీ

"ఇదెంత తాగుతుంది?"

పోస్టుమాస్టరు ఆ షాపులో ఈ ప్రశ్న అడగడం అది పదకొండోసారి. మొదటి నాలుగుసార్లు షాపతను నవ్వుతూ జవాబు చెప్పాడు. తర్వాత నవ్వు మానేసి జవాబు మాత్రం చెప్పాడు. ఇప్పుడు రెండూ మానేసి, గోడ మీద వెలుగుతున్న యాభై అయిదు అంగుళాల టీవీకేసి చెయ్యి చూపించాడు.

"ముందు బొమ్మ చూడండి సార్. చేప ఒంటి మీద పొలుసులు లెక్కపెట్టుకోవచ్చు."

"పొలుసులతో నాకేం పనయ్యా? వాట్లు చెప్పు."

"నూట ఇరవై. కానీ ఫైవ్ స్టార్ సార్!"

పోస్టుమాస్టరుకి ఒళ్లు మండింది. ఈ స్టార్ల భాగోతం నిన్న రెండు షాపులు తిరిగేసరికే ఆయనకి అర్థమైపోయింది. ఒకే సైజు టీవీల్లో ఏది మెరుగో చెప్పడానికి తప్ప ఆ చుక్కలు ఎందుకూ పనికిరావు. పెద్ద టీవీ ఎన్ని స్టార్లు తగిలించుకున్నా చిన్నదానికంటే ఎక్కువే లాగుతుంది. ఈ ముక్క ఒక్కడూ నోరు విప్పి చెప్పడు.

ఆయన ఆత్రానికి కారణం ఉంది. ఈ ఆదివారం సాయంత్రం ఫైనల్ మ్యాచ్. చిన్నప్పటి నుంచీ ఆయన ప్రాణం పెట్టుకున్న జట్టు ఫైనల్ దాకా రావడం ఇదే మొదటిసారి. పోయిన వారం సెమీఫైనల్లో, ఇంకో పది నిమిషాల ఆట ఉందనగా, ఇంట్లో పాత టీవీ టప్పున ఆరిపోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. పక్కింటి టీవీ మోగుతూనే ఉంది. ఈయన టీవీ ఒక్కటే మొహం మాడ్చుకుని కూర్చుంది. తన జట్టు గెలిచిందన్న సంగతి గోడ అవతలి నుంచి కేకలు విని తెలుసుకోవాల్సి వచ్చింది.

పాత టీవీ నూట నలభై వాట్లు లాగుతుంది. అంత లాగేది తన ఇంట్లో ఆట అయ్యేదాకా నిలవదు. ఆర్నెల్ల కిందట భార్య పెట్టిన కొత్త పద్ధతి పుణ్యమా అని ఒక్క మ్యాచూ ఆయన చివరిదాకా చూసిన పాపాన పోలేదు. సినిమాలైతే ఇంటర్వెల్ దాటితే గొప్ప.

"ఏవండీ, ఇది ఎంత బాగుందో!"

భార్య పిలుస్తోంది. ఆవిడ హైస్కూల్లో సైన్సు టీచరు. షాపులో అన్నిటికంటే పెద్ద టీవీ ముందు నిలబడి మెరిసిపోతోంది.

"నీకేం! సోఫాలో చేరగిలబడి చూస్తావు. అవస్థ పడేది నేను," అని విసుక్కున్నాడు.

షాపతనికి సంగతి అర్థమైనట్టే అనిపించింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "కరెంటు బిల్లు గురించేనా సార్? నెలకి తేడా రెండు కాఫీల ఖర్చు కూడా ఉండదు."

"బిల్లు ఆవిడే కడుతుంది."

షాపతను తెల్లమొహం వేశాడు. "ఓహో, పర్యావరణమా సార్? భూమి వేడెక్కిపోతోందని?" అన్నాడు గౌరవంగా.

"భూమి సంగతి భూమి చూసుకుంటుంది. ఇక్కడ నా సంగతి చూడు!"

భార్య అటు తిరిగి దగ్గు వచ్చినట్టు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోనీ, ఎంతలోపు కావాలో చెప్పండి సార్," అన్నాడు షాపతను నీరసంగా.

"ముప్ఫై. మహా అయితే ముప్ఫై అయిదు. అంతకు మించితే నావల్ల కాదు."

చివరికి ఒక మూలన ముప్ఫై రెండు అంగుళాలది దొరికింది. షాపతను ముప్ఫై అన్నాడు. పోస్టుమాస్టరు నమ్మలేదు. సంచీలోంచి వాట్లు చూపించే బుల్లి మీటరు తీసి, దానికి టీవీని తగిలించి చూశాడు. నలభై ఒకటి.

"షాపులో వెలుగు ఎక్కువ పెడతాం సార్."

"తగ్గించు."

ముప్ఫై మూడుకి దిగింది.

"ఇంకా తగ్గించు."

ఇరవై ఏడు.

"ఇంతకంటే తగ్గిస్తే మొహాలు కనపడవు సార్."

"మొహాలెందుకయ్యా, బంతి కనపడితే చాలు. కట్టెయ్యి!"

మూడు రోజులుగా టీవీ కోసం తిరుగుతుంటే మొదటిసారి ఆయన మొహంలో వెలుగొచ్చింది. బతికిపోయాననుకున్నాడు షాపతను. ఆ సంతోషంలో, "దీంతోపాటు స్పీకరు ఫ్రీ సార్. ఇల్లు దద్దరిల్లిపోతుంది," అన్నాడు.

"అదెంత తాగుతుంది?"

"అరవై."

"నీకో దణ్ణం. నీ దగ్గరే ఉంచుకో."

"ఫ్రీగా ఇస్తానంటే వద్దంటారేంటండీ! తీసుకుందాం," అంది భార్య.

"నోరెత్తావంటే టీవీ కూడా ఇక్కడే వదిలేసి వచ్చేస్తా," అన్నాడాయన పళ్లు నూరుతూ.

ఆదివారం సాయంత్రం వచ్చింది. పోస్టుమాస్టరు ఆట మొదలవడానికి ఇరవై నిమిషాల ముందే సిద్ధమైపోయాడు. ఫ్యాను తనవైపు తిప్పుకున్నాడు. మంచినీళ్ల సీసా, తువ్వాలు దగ్గర పెట్టుకున్నాడు. ఇరవై ఏడు వాట్లు, రెండు గంటల ఆట. ఈసారి కప్పు చేతికిచ్చేదాకా చూసి తీరాలి.

"ఇక పెట్టవే, టైమవుతోంది!"

భార్య కొత్త టీవీ వైరు పట్టుకుని, గోడకున్న ప్లగ్గు దాటి వెళ్లి, ఆయన షుగరు రిపోర్టు వచ్చిన మర్నాడే తన తమ్ముడితో హాల్లో బిగింపించిన సైకిలు డైనమోకి తగిలించి, "ఊఁ, ఎక్కి తొక్కండి," అంది.