వేన్నీళ్ల గొట్టం

"నీళ్లొస్తున్నయా అవ్వా?" అని పెరట్లోంచి కేక వేశాడు దయానందం. గొంతు జీరబోయి సగమే వినిపించింది.

"పొగలు కక్కుతూ వస్తున్నాయి నాయనా!" అంది స్నానాలగదిలోంచి రాజ్యలక్ష్మమ్మ. మొయినాబాద్‌లో పనిచేస్తున్న గుంటూరు ఇంజనీరుగారి తల్లి ఆమె. తెలంగాణ గొడవల్లో కరెంటు ఉండీ ఉండక గీజరు మూలపడింది. పెరట్లోని కట్టెల బాయిలర్ నుంచి స్నానాలగదికి గొట్టం కలపడానికి ముడిమ్యాల నుంచి ప్లంబరు దయానందాన్ని పిలిపించారు.

ఆమె ఉప్పు వేసిన వేన్నీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చింది. "పుక్కిలించు, గొంతు పోయినట్టుంది."

"జలుబు చేసిందవ్వా."

"జలుబా? నిన్న మా గేటు ముందు 'గో బ్యాక్' అని అందరికన్నా గట్టిగా అరిచింది నువ్వే కదూ? కిటికీలోంచి చూశాను."

"తెలిసి గూడ నన్నే పిలిపించిన్రా?"

"మావాడికి తెలీదు, నేను చెప్పలేదు. ఈ చుట్టుపక్కల నీ అంత పనివాడు లేడన్నారు."

"మిమ్మల్ని పొమ్మన్న గదవ్వా!"

"పోయేదాకా స్నానం చెయ్యాలిగా నాయనా."

అతను తలవంచుకుని పుక్కిలించాడు. వెళ్లి చూస్తే జాయింటు దగ్గర ఒక్క చుక్క ఊరుతోంది. వీళ్లుండే నాలుగు రోజులకు ఇది చాల్లే అనుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు. నీళ్లు ఆపి, జాయింటు విప్పి, కొత్త జనపనార చుట్టి, రెంచితో బిగించాడు.

"ఇగ ఫికర్ లేదవ్వా. పదేండ్లు చుక్క కారదు."

ముసలమ్మ పకపకా నవ్వేదాకా తానేమన్నాడో అతనికి తట్టలేదు.