నిఘా ఎత్తేసిన రోజు

"గెలిచామమ్మా," అంటూ లాయరు కొడుకు కోర్టు కాగితం బల్ల మీద పెట్టాడు. "రేపు పొద్దున ఆరింటికి నిఘా ఎత్తేస్తారు."

అమ్మ గ్లాసుల్లో టీ పోస్తోంది. కాస్త ఒలికింది. "ముందు కూర్చో," అంది.

మూడు గ్లాసుల్లో కొడుకుది ఒక్కటే. మిగతా రెండూ ఈ ఇంటిని పదకొండు నెలలుగా కనిపెట్టుకుని ఉన్న ఇద్దరు పోలీసులవి. ఒకడు వీధి గేటు దగ్గరుంటాడు, ఇంకొకడు వెనక సందులో. ఎవరొచ్చినా పేరూ అడ్రసూ రాసుకుంటారు. కొడుకేమో దేశభద్రత చట్టం కింద లోపలేసినవాళ్ళ తరఫున వాదించే లాయరు. గుమ్మంలో పేరు రాయించుకుని మరీ లోపలికొచ్చే ధైర్యం ఏ క్లయింటుకుంటుంది? కేసులు సగానికి సగం పోయాయి.

"వీళ్ళు పోతే వాళ్ళు మళ్ళీ వస్తారేమోరా," అంది అమ్మ.

"రానీ."

"రానీ ఏమిట్రా? ఆ ఇటుక నీ చెవి పక్కనుంచి పోయింది. ఇంకో బెత్తెడు ఇటు పడుంటే..."

ఆ ఇటుక వెనక సందులోంచే కిటికీ అద్దం పగలగొట్టుకుని వచ్చింది. దానికి చుట్టిన కాగితంలో 'దేశద్రోహీ, వచ్చేసారి గురి తప్పదు' అని ఉంది. మర్నాడు తల్లీకొడుకులిద్దరూ స్టేషనుకు వెళితే, "ఇంటింటికీ కాపలా పెట్టడానికి మనుషులెక్కడున్నారమ్మా?" అని పంపేశారు.

"అదేనమ్మా నా కడుపుమంట," అన్నాడు లాయరు. "చంపుతామంటున్నారు మొర్రో అంటే ఒక్కడు కదల్లేదు. నావల్ల దేశానికి ప్రమాదమని ఎవడో ఆకాశరామన్న ఉత్తరం పడేస్తే మూడో రోజుకల్లా ఇద్దరు దిగారు."

"ఎవరో తెలిసిందా?"

"ఉత్తరం ఇవాళ కోర్టులో చూపించారు. గీతల కాగితం, కోడి గెలికినట్టు అక్షరాలు. వెనక సందులో కూడా ఒకణ్ణి పెట్టండని సలహా ఒకటి. పక్కింటి పోస్టుమాస్టరే అయ్యుంటాడు. ఆ సందు సంగతి ఇంకెవడికి తెలుసు?"

"పాపం, ఆయన్ననకు. అలాంటి మనిషి కాదు."

"నీకందరూ మంచివాళ్ళే. మన మీద నిఘా పెట్టినవాళ్ళకు రోజూ టీలు మోస్తావు."

"ఎండలో నిలబడతారు కదరా. అయినా వీళ్ళొచ్చాక ఒక్క రాయి పడిందా?"

"జైల్లోనూ రాళ్ళు పడవమ్మా. గేటు దగ్గర ఒకడు పుస్తకం పట్టుకుని కూర్చుంటే అది ఇల్లెలా అవుతుంది? ఊరికే ప్రాణాలతో ఉంటే సరిపోతుందా?"

అమ్మకు కావలసింది ఆ ప్రాణాలే. ఆ మాట పైకంటే కొడుకు చిన్నబుచ్చుకుంటాడని గ్లాసులు పట్టుకుని గేటు దగ్గరికి నడిచింది.

"అబ్బాయిగారు గెలిచారటగా," అన్నాడు గేటు దగ్గరుండే పొడుగాయన. "మంచిదేలెండి. మాకూ విసుగొచ్చింది."

"వెనకాయన కూడా వెళ్ళిపోతాడా?"

"ఇద్దరమూ వెళ్ళాలమ్మా. కోర్టు మాట మరి." ఒక గుక్క తాగి గొంతు తగ్గించాడు. "కాస్త జాగ్రత్తగా ఉండండి. వార్త తెలిసిందేమో, మధ్యాహ్నం ముగ్గురు సందు మొదట్లో బళ్ళాపి మీ కిటికీ వైపే చూశారట. మావాడు లేచేసరికి వెళ్ళిపోయారు."

ఆమె గేటు ఊచ పట్టుకుంది. "మళ్ళీ రావడానికి కుదరదా మీకు?"

"అబ్బాయిగారి మీద కొత్తగా ఫిర్యాదేదైనా వస్తే రావాల్సిందే. పాత సంగతే రాస్తే మాత్రం చెల్లదు."

ఆమె లోపలికొచ్చేసరికి లాయరు స్నానాల గదిలో ఈల వేస్తున్నాడు. ఈ పదకొండు నెలల్లో వాడు ఈల వేయడం ఇదే మొదలు. తలుపు దగ్గర నిలబడి కాసేపు విన్నది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, వంటింటి తలుపు దగ్గరగా వేసి, గీతల పుస్తకంలోంచి ఒక కాగితం చింపింది.

ఈసారి కూడా పెన్ను ఎడమచేత్తోనే పట్టుకుంది.