మోకాలి కీలు

“ఇంకొక్కసారి కూర్చుని లే,” అన్నాడు భర్త, కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండా.

తెరమీద ఒక ముసలమ్మ బొమ్మ ఉంది. ఇన్నేళ్ళూ కాగితం మీద బొమ్మలేసి బతికిన అతను, ఇప్పుడు వాటికి కంప్యూటర్లో ఎముకలూ కీళ్ళూ అమర్చి కదిలించడం నేర్చుకుంటున్నాడు. ఈ ముసలమ్మ కుర్చీలోంచి లేచినప్పుడల్లా మోకాలు రబ్బరు గొట్టంలా వంకర తిరుగుతోంది. రేపు కోర్సు మాస్టారికి చూపించాలి.

భార్య మళ్ళీ కూర్చుంది. బల్ల పట్టుకుని లేచింది. అతను ఓరకంట చూశాడు.

“అబ్బా, బల్ల పట్టుకోకు! నటించొద్దు. మామూలుగా ఎలా లేస్తావో అలాగే లే.”

“మామూలుగా ఇలాగే లేస్తానండీ.”

అతను తల తిప్పాడు. ఆమె కుడికాలు నేలకు పూర్తిగా ఆనడం లేదు.

“ఎప్పట్నుంచి?”

“మీరు ఈ కోర్సులో చేరక ముందు నుంచే.”

“నాతో చెప్పొద్దూ?”

“చెప్పాను. ‘ఊఁ’ అన్నారు. మొన్న మళ్ళీ చెబితే, ‘కీలు చోటు తప్పినట్టుంది, నేను సరిచేస్తాగా’ అన్నారు. ఎంత సంతోషించానో! తీరా చూస్తే మీరు బొమ్మతో మాట్లాడుతున్నారు.”

అతనికి నవ్వొచ్చింది, మధ్యలోనే ఆగిపోయింది. లేచి వచ్చి ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు. మోకాలు వాచి ఉంది. ముట్టుకోబోతే ఆమె కాలు వెనక్కి లాక్కుంది.

“పద, డాక్టరు దగ్గరికి పోదాం.”

“మరి రేపటికి మీ ముసలమ్మ లేవాలి కదా?”

“కూర్చోనీ,” అన్నాడతను, ఆమెకు భుజం అందిస్తూ.