పద్మనాభయ్య గడ్డం

పద్మనాభయ్య గడ్డం గీసుకోవడం మానేశాడన్న కబురు, వడ్ల ధర పెరిగిందన్న కబురు కంటే వేగంగా బుచ్చిరెడ్డిపాలెమంతా పాకింది.

పాకదా మరి! ఊళ్లో మగాళ్లంతా మంగలి ఎప్పుడొస్తాడా అని అరుగుల మీద గడ్డాలు గోక్కుంటూ కూచుంటే, రోజుకో సేఫ్టీ రేజరుతో నున్నగా గీసుకుని బజారుకొచ్చే మనిషాయె. మద్రాసు వెళ్లినప్పుడల్లా పాత సామాన్ల గుట్టలు తిరగేసి ఏరుకొచ్చిన రేజర్లు అతని దగ్గర పెట్టె నిండా ఉన్నాయి. ఇత్తడివి, వెండిపూతవి, పిడి తిప్పితే తలుపుల్లా తెరుచుకునేవి. యుద్ధంలో సిపాయిలకిచ్చిన రేకుడబ్బా రేజరు కూడా ఒకటుంది. దొరలు పోతూ పోతూ గడ్డాల సామానంతా ఈయనకే అప్పజెప్పి పోయారని జనం నవ్వుకునేవారు.

వాటన్నిట్లోకీ మంచిది, బంగారుపూతది, మైపాడులో ఉండేది. అక్కడ అతనికి బియ్యం కొట్టుంది. వారంలో సగం రోజులు అక్కడే మకాం.

"ఉప్పుగాలికి తుప్పు పట్టిపోదా?" అని భార్య రాఘవమ్మ అడిగితే, "బేరానికొచ్చేవాళ్ల ముందర మాసిన గడ్డంతో కూచోమంటావా?" అన్నాడు.

ఇంట్లో పెట్టె ముట్టుకునే అధికారం రాఘవమ్మ ఒక్కదానికే. మరలు విప్పి, కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచేది. మొద్దుబారిన బ్లేడును గాజుగ్లాసు లోపల రుద్ది పదును తెచ్చేది. ముద్దు చేయడానికి ఇంట్లో బిడ్డ లేడు కాబట్టి మొగుడు ఈ ఇనపముక్కల్ని ముద్దు చేస్తున్నాడని అనుకునేది. ఆ తప్పు తనదేననీ అనుకునేది. అనుకోక ఏం చేస్తుంది? పొద్దున లేస్తే అత్త పిచ్చమ్మ పాడేది ఆ ఒక్క పాటే.

"కాయని చెట్టుకు ఎన్నాళ్లని నీళ్లు పోస్తావురా? ఇంకొకదాన్ని చేసుకో" అని ఒకరోజు కోడలి ఎదురుగానే అనేసింది.

"చట్టం ఒప్పుకోదమ్మా" అన్నాడు పద్మనాభయ్య.

నాకు రాఘవ చాలమ్మా అని కూడా అంటాడేమోనని ఆమె గడప దగ్గర కాసేపు నిలబడింది. అతను చెంపలకు నురగ పూసుకున్నాడు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి పెట్టె మూసేశాడు.

"ఏందిరా ఆ గడ్డం?" అంది తల్లి.

"ఒక పని కావాలమ్మా. అయ్యేదాకా రేజరు ముట్టను."

"ఏం పనిరా?"

"మంచి పనే."

పిచ్చమ్మకు అర్థమైంది. రాఘవమ్మకు అర్థమైంది. ఊరికీ అర్థమైంది. బిడ్డ కోసం పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకున్నాడు! అడిగినవాళ్లతో అతను అవుననలేదు, కాదనలేదు.

"పెట్టి పుట్టినావు మే. పెళ్లాం కోసం గడ్డం పెంచే మొగుడు ఈ తాలూకాలో యాడుండాడు?" అన్నారు ఇరుగుపొరుగు ఆడవాళ్లు.

పిచ్చమ్మ పాట ఆపింది. చేపల పులుసులో తలకాయ ముక్క తీసి కోడలి కంచంలో వేసింది. కాపురానికి వచ్చాక రాఘవమ్మ కడుపునిండా అన్నం తిన్నది ఆ రోజుల్లోనే. శనివారాలు ఒంటిపూట ఉంది. మధ్యాహ్నాలు పెట్టె తెరిచి, వాడకం లేని రేజర్లకు తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాసింది. అదే చేత్తో అతని గడ్డానికీ రాయబోతే మొహం పక్కకు తిప్పుకున్నాడు. సిగ్గు కాబోలు అనుకుంది పిచ్చిది.

ఒకసారి నెల తప్పినట్టే తప్పి ఊరించింది. ఆమె సంబరం నాలుగు రోజులైనా నిలవలేదు.

"ఈ నెలా లేదయ్యా" అంది తల వంచుకుని.

"పోనీలే" అన్నాడు అతను.

ఎంత ఓర్పు! అంత దురద, అంత ఉక్కపోత భరిస్తున్న మనిషికి ఏం మొహం చూపించాలా అని ఏడ్చింది.

ఒకరోజు పొద్దున్నే, మొదటి బస్సుకే మైపాడు నుంచి దిగాడు పద్మనాభయ్య.

"వేణ్ణీళ్లు పెట్టు. పెట్టె తీసుకురా."

రాఘవమ్మ పెట్టె తెచ్చింది గానీ చేతికివ్వలేదు.

"ఏమయ్యా, కోనలో తీయించాల్సింది గదా? ఇంట్లో తీస్తే స్వామికి కోపం రాదా?"

"నేనేం మొక్కుకోలేదే" అన్నాడు కత్తెర అందుకుంటూ.

ఆశ వదిలేసుకున్నాడు. ఆమెకు అలాగే అనిపించింది. రేపటి నుంచి అత్త మళ్లీ పాట ఎత్తుకుంటుంది. ఈసారి ఈయన చట్టం పేరు కూడా చెప్పడు.

"ఇంకొక్క ఏడాది ఓర్చుకో అయ్యా" అని కాళ్ల దగ్గర కూలబడింది. "నా మాట నమ్ము. నీకు బిడ్డనిస్తా."

అతను కత్తెర ఆడించాడు. గడ్డం కుచ్చులు కుచ్చులుగా పళ్లెంలో పడింది. పెట్టెలో వెతికి, వెండిపూత రేజరు తీసి, తీరిగ్గా గీసుకున్నాడు. పటిక రుద్దుకున్నాడు. జరీపంచె కట్టుకుని, నోట్లో ఏదో కూనిరాగం తీసుకుంటూ బజారుకు పోయాడు.

రాఘవమ్మ రేజరు మర విప్పి, అందులో ఇరుక్కున్న వెంట్రుకలు తీస్తూ కుమిలి కుమిలి ఏడుస్తోంది. వీధి తలుపు దగ్గర ఎవరో దగ్గారు. కళ్లు తుడుచుకుని చూసింది. చంకన బుట్టతో ఒక ముసలామె.

"పద్మనాభయ్య గారి ఇల్లు ఇదే గదమ్మా? నా పేరు ముసలమ్మ, మైపాడు నించి వచ్చినా."

"ఇదే. ఆయన బజారుకు పోయినాడు. ఏం కావాల?"

ముసలమ్మ బోసినోటితో నవ్వుతూ అరుగు మీద బుట్ట దించింది.

"పెళ్లాం నీళ్లోసుకున్న కాడ్నించి గడ్డాన బ్లేడు ఆనించని మారాజమ్మా మీ తమ్ముడు, రాత్రి ఆ పిల్ల మగబిడ్డను కనింది, మంత్రసాని చీర అక్కగారి చేత్తో ఇప్పించుకుందామని వచ్చినా."