గుంజకు కట్టే ఆట

వంశీధర్ విసిరిన కొబ్బరి చిప్ప ఆటవికుడి నుదుటికి తగిలింది. చర్మం చిట్లి రక్తం కారింది. వాడు నెత్తురు తుడుచుకుని మళ్ళీ గంతేశాడు.

"తగిలింది! చూశావా కీర్తీ?"

కీర్తి చూడ్డమేంటి, అన్న చేసే ప్రతి ఘనకార్యాన్నీ ఫోన్‌లో వీడియో తీస్తోంది.

సూరత్ దగ్గర కామ్‌రేజ్‌కు ఎగువన, తాపీ నది మధ్యలో ఉందా దీవి. ఎవరో సేఠ్ దాన్ని రిసార్ట్ చేశాడు. తెల్ల ఇసుక పోయించాడు. పెరిగిన కొబ్బరి చెట్లను లారీల్లో తెప్పించి పాతించాడు. తాటాకు గుడిసెలకు ఏసీలు పెట్టించాడు. విమానాలు ఆగిపోయి బాలీకీ మాల్దీవులకూ పోలేనివాళ్ళు ఇక్కడికొచ్చి పడుకుంటున్నారు. అవతల కరోనా రెండోసారి సూరత్ మీద పడింది. శ్మశానాల్లో శవాలు వరసలో ఉన్నాయి. రేవులో 'మూసివేశాం' అని బోర్డు పెట్టారు. పడవ మాత్రం తిరుగుతూనే ఉంది.

గురుమూర్తి శని, ఆదివారాలు గడిపి పోదామని పెళ్ళాం కాత్యాయనితో, పిల్లలిద్దరితో వచ్చాడు. వచ్చినవాడు కదలడం లేదు.

దీవిలో కాలక్షేపం ఒక్కటే. స్థానిక సంస్కృతి! ఒంటికి బొగ్గూ సున్నమూ పూసుకుని, నడుముకు గడ్డి చుట్టుకుని, బల్లేలతో గంతులేసే అరడజను మంది. వాళ్ళ నాయకుడికి ఈకల కిరీటం. అతిథులకు తలా ఒక రబ్బరు కొరడా.

"ఎక్కడో సముద్రం అవతలివాళ్ళు సాహెబ్" అన్నాడు మేనేజర్ మొదటిరోజే. "హిందీ రాదు. గుజరాతీ రాదు. దెబ్బ ఒక్కటే తెలుస్తుంది. కొట్టండి, ఏం కాదు."

కొట్టారు. అందరికంటే బాగా గురుమూర్తి కొట్టాడు. అతని చేతికది అలవాటే. సూరత్ పక్కన పల్సానాలో పెద్ద పవర్‌లూమ్ షెడ్డుకు మేనేజరు.

ఒక మధ్యాహ్నం కీర్తి పూసల దండ తెగింది. ఈకల కిరీటం వాడు వంగి పూసలన్నీ ఏరాడు. దారానికి ఎక్కించాడు. తెగిన కొసలు రెండూ వేళ్ళ మధ్య కలిపి రెప్పపాటులో ముడేశాడు. మిగిలిన కొసను పంటితో కొరికేశాడు. ముడి ఎక్కడుందో కనబడలేదు.

"అడవి మనిషికి ఎంత పనితనమో!" అంది కాత్యాయని.

గురుమూర్తి చూడలేదు. ఫోన్లో ఉన్నాడు. పెట్టేసేసరికి మొహం పాలిపోయింది.

"మా షెడ్డువాడెవడో లేబర్ ఆఫీసుకెళ్ళి రాజమౌళి పేరెత్తాడట. ఎంక్వయిరీ వేశారు. చల్లారేదాకా ఇక్కడే ఉందాం. నిజం బయటపడిందా, నేను జైలుకే."

"అసలేం చేశావ్ డాడీ?" అన్నాడు వంశీధర్.

గురుమూర్తి బీరు సీసా ఎత్తి సగం తాగాడు. ఈకల కిరీటం వాడు పక్కన నిలబడి తాటాకు విసనకర్ర విసురుతున్నాడు.

"పోయినేడు లాక్‌డౌన్‌లో షెడ్డుకు బయట తాళమేసి మగ్గాలు నడిపించాం. అందరూ నోరుమూసుకుని పనిచేశారు. ఈ రాజమౌళి ఒక్కడు గోడెక్కాడు. ఊరికి నడిచి పోతాడట! కాళ్ళు పట్టి కిందికి లాగా. అందరినీ చుట్టూ నిలబెట్టి ఇనుప రాడ్డుతో కొట్టా. ముందు మోకాళ్ళు విరగ్గొట్టా. వెధవ 'అవ్వా, అవ్వా' అంటాడే తప్ప తప్పయిందనడు. ఒళ్ళు మండి నెత్తి మీద ఒక్కటిచ్చా."

"పోయాడా?"

"పుచ్చకాయే."

వంశీధర్ ఈల వేశాడు. అంతలోనే చిరాకుపడ్డాడు. "గాలేదిరా?" అంటూ ఈకల కిరీటం వాడి పిక్క మీద తన్నాడు. ఆగిన విసనకర్ర మళ్ళీ కదిలింది.

"మరి వాడి వాళ్ళు ఊరుకున్నారా అండీ?" అంది కాత్యాయని.

"సిరిసిల్లలో ముసలి తల్లి. నేనే ఫోన్ చేశా. కరోనాతో పోయాడమ్మా, శవాన్ని ఇవ్వరు, ఇక్కడే కాల్చేశారు అన్నా. ఏడ్చింది, నమ్మింది. ఆ రోజుల్లో ఏం చెప్పినా నమ్మేవాళ్ళు."

ఆ వారంలోనే మళ్ళీ ఫోన్ వచ్చింది. సాక్షి చెప్పిన మాట వెనక్కి తీసుకున్నాడు. ఎంక్వయిరీ మూసేశారు. గురుమూర్తి గుడిసె ముందు గంతేశాడు.

"రేపు ఇంటికి! ఇవాళ నన్ను గుంజకు కట్టమనండి!"

గుంజకు కట్టే ఆట అంటే అక్కడ అందరికీ సరదా. అతిథిని కట్టేస్తారు. ఆటవికులు చుట్టూ చిందులేస్తారు. గొంతు మీద చెక్క బల్లెం పెడతారు. అతిథి కెవ్వుమంటాడు. నవ్వుకుని విప్పేస్తారు.

పొద్దు వాలుతుండగా డప్పులు మొదలయ్యాయి. ఈకల కిరీటం వాడు గురుమూర్తి చేతుల్ని గుంజ వెనక్కి లాగాడు. తాడు మణికట్టులో దిగింది.

"ఒరేయ్, మెల్లగా!"

వాడు ఇంకా బిగించాడు. ముడి ఎక్కడుందో కనబడలేదు.

బల్లెం గొంతుకు తగిలింది. చల్లగా ఉంది. చెక్క కాదు, ఇనుము. కొద్దిగా దిగింది. వెచ్చగా ఏదో ఛాతీ మీదికి పాకింది.

"ఏయ్! వీడు నిజంగా గుచ్చుతున్నాడు! మేనేజర్!"

అతిథులు విరగబడి నవ్వారు. "డాడీ, సూపర్ యాక్టింగ్!" అని అరిచాడు వంశీధర్. కీర్తి ఫోన్ పట్టుకుని ముందుకొచ్చింది. కాత్యాయని చప్పట్లు కొట్టింది.

ఈకల కిరీటం వాడు చెయ్యెత్తాడు. డప్పులు హోరెత్తాయి. ఇక కేక పెట్టినా ఎవరికీ వినబడదు. అప్పుడు వాడు గురుమూర్తి చెవి దగ్గరికి వంగాడు.

"సారూ, మా తమ్ముడు రాజమౌళి కరోనాతోని సచ్చిండని మా అవ్వకు ఫోన్ల జెప్పింది నువ్వే గదా?"