ఒకరికి ఒక్కటే

"సార్, ఇక్కడ మీరు రాసింది తప్పేమో!" అంది కొత్తగా చేరిన ప్రోగ్రామర్.

తప్పిపోయినవాళ్ల ఆచూకీ తీసే ఆఫీసది. డేటాబేస్‌లో తప్పిపోయినవాళ్లది ఒక టేబుల్, దొరికిన అనాథ శవాలది ఒక టేబుల్. నాలుగేళ్ల కిందట ఆ రెండింటికీ ముడివేసింది ఆ సారు పీహెచ్‌పీలో రాసిన ప్రోగ్రామే.

"'హ్యాజ్‌మెనీ', అంటే ఒకరికి ఎన్నైనా అని ఉండాల్సిన చోట 'హ్యాజ్‌వన్', ఒకరికి ఒక్కటే అని పెట్టారు. ఒక మనిషికి ఎన్ని శవాలు సరిపోలినా మొదటిదే కనిపిస్తోంది. అది మావాడు కాదని ఇంటివాళ్లు చెప్పేస్తే, తర్వాతవి ఎవరూ చూడట్లేదు సార్."

అతను ఆమెను టీ తాగి రమ్మని పంపి, ఆ ఒక్క మాట మార్చి పేజీ తెరిచాడు.

నలభై ఒక్క పేర్ల కింద కొత్త వరుసలు వచ్చాయి. అందులో ఒక పేరు తన తమ్ముడిది. మొదటి శవాన్ని తనే చూసి కాదన్నాడు. రెండోదాని వివరాల్లో, ఎడమ మోచేతి ఎముకకు స్టీలు ప్లేటు అని ఉంది. తమ్ముడికి అది వేయించిన రోజు ఆస్పత్రిలో పక్కన కూర్చున్నది తనే. ఎవరూ రాలేదని పూడ్చేశారు, మూడేళ్ల కిందట.

ఫోన్ మోగింది. అమ్మ రోజూ ఈ వేళకే చేస్తుంది.

"తమ్ముడి సంగతి ఏమైనా తెలిసిందా నాన్నా?"

"లేదమ్మా."

"పోనీలే. చెడ్డ కబురు రాలేదంటే ఎక్కడో చల్లగా ఉన్నట్టే. వాడి పక్కబట్టలు ఉతికి ఆరేశాను."

ఫోన్ పెట్టేసి, మార్చిన మాటను మళ్లీ పాతదే చేశాడు. నలభై ఒక్క ఇళ్ల కబుర్లూ తెర మీంచి మాయమయ్యాయి.

ప్రోగ్రామర్ టీ తాగి వచ్చింది. "సరిచేశారా సార్?"

"సరిగానే ఉందమ్మా," అన్నాడు. "ముట్టుకోకు."