అందరికీ పనికొచ్చే ఫ్రిజ్

మా ఆవిడ సుభద్రకి చూపు లేదు, నాకు చెవుడు. ఇద్దరికీ షుగరు. ఈ కాలం ఫ్రిజ్‌లన్నీ అందరికీ పనికొచ్చేలా చేస్తున్నారు కదా, మాది కూడా ఎవరు మిఠాయి తీసినా తనకి వినబడేలా చెబుతుంది, నాకు కనబడేలా తలుపు మీద రాస్తుంది.

మధ్యాహ్నం సుభద్ర పడుకోగానే తలుపు మీద రాతలు ఆపేసి, కలాకండ ముక్క నోట్లో వేసుకున్నాను. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉందనుకున్నాను.

సుభద్ర వచ్చి నా చెవిలో అరిచింది. "కలాకండ తింటున్నారని అది వీధంతా వినబడేలా చెబుతోందండీ."

"నిన్న నువ్వు దాని నోరు మూయించి తింటే నాకు తలుపంతా రాసింది. నేనేమైనా అన్నానా?"

తను చెయ్యి చాపింది. ఒక ముక్క పెట్టాను.

ఫ్రిజ్ ఇంకా అరుస్తూనే ఉందట.